తాబేలు గుడ్డుకు పల్లె కాపలా

2025 ఫిబ్రవరి 16 నుంచి 25 దాకా, ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే ఒడ్డున, ఏడు లక్షలకు కాస్త తక్కువగా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్లాయి. అటవీ శాఖ లెక్కలో అవి దాదాపు 6 లక్షల 98 వేలు. అంతకు ముందు 2023లో వచ్చిన 6 లక్షల 37 వేలే అక్కడి రికార్డు. ఈ పురుడంతా జరిగింది కొద్ది కిలోమీటర్ల ఇసుక మీద. తల్లికి వంద చొప్పున లెక్కేసుకున్నా ఆ ఇసుక కిందికి చేరినవి ఏడు కోట్ల గుడ్లు.

ఈ అంకె పత్రికల్లో బాగానే తిరిగింది. తాబేళ్లు వెళ్లిపోయాక, గుడ్లు పిల్లలయ్యేదాకా మరో నెలన్నరకు పైగా ఆ ఒడ్డున ఎవరు కాపలా తిరుగుతారన్న సంగతి మాత్రం అంతగా తిరగలేదు. తిరిగేది చుట్టుపక్కల పల్లెల వాళ్లు. పురుణబంధ, గోఖర్‌కుద, పొడంపేట వంటి ఊళ్ల జాలర్లు, వాళ్ల పిల్లలు. ఈ ఒడ్డు మనకు మరీ పరాయిదేమీ కాదు. ఇచ్ఛాపురం దాటి గంజాం తీరం వెంట వెళ్తే జాలరి పల్లెల్లో చాలా ఇళ్ల మాట తెలుగే. అక్కడ వాళ్లను నోళియాలంటారు. పూరీ ఒడ్డున పెంఠకట దాకా తెలుగు జాలర్లే వలలు ఆరేస్తారు. కాబట్టి ప్రపంచంలోని పెద్ద తాబేళ్ల తీరాల్లో ఒకదానికి కాపలా కాస్తున్న మాటల్లో మన మాటా ఉంది. పొడంపేట వాళ్ల పరిస్థితి మరీ చిత్రం. సముద్రం కోత కోస్తూ వచ్చి వాళ్ల పాత ఊరినే మింగేసింది, కుటుంబాలు లోపలికి తరలిపోవాల్సి వచ్చింది. తమ ఇళ్లు తీసుకున్న సముద్రపు బిడ్డల్ని వాళ్లు కాస్తున్నారు.

ప్రపంచంలో సముద్ర తాబేళ్లు ఏడు జాతులు. అన్నీ ఒడ్డుకొచ్చి ఇసుకలోనే గుడ్లు పెడతాయి గానీ, వేలూ లక్షలుగా కూడబలుక్కున్నట్టు ఒకేసారి ఒడ్డెక్కే అలవాటు రెండింటిదే. ఒకటి మన ఆలివ్ రిడ్లీ, రెండోది గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఉండే దాని దాయాది కెంప్స్ రిడ్లీ. ఈ మూకుమ్మడి రాకకు శాస్త్రవేత్తలు వాడే పేరు అరిబాడా. ఆలివ్ రిడ్లీల అరిబాడా పెద్ద ఎత్తున జరిగేది ముఖ్యంగా మెక్సికో, కోస్టారికా, ఒడిశా తీరాల్లో. ఒడిశాలో గహీర్మఠ, ఋషికుల్య ప్రధానం. దేవి నది మొగ దగ్గర కూడా ఒకప్పుడు జరిగేది.

ఎందుకు ఇలా కట్టగట్టుకుని రావడం? తాబేలు గుడ్డుకు శత్రువులు చాలామంది. నక్కలు, కుక్కలు, అడవి పందులు, కాకులు, ఇసుక పీతలు. ఒక్కో తాబేలు ఒక్కో రాత్రి వచ్చి పెట్టిపోతే ఈ మూక తీరిగ్గా రోజుకొక గూడు తవ్వుకు తింటుంది. లక్షల గూళ్లు ఒకేసారి వెలిస్తే వాటికి ఎంత ఆకలున్నా తినగలిగింది కొంతే, మిగిలింది మిగులుతుంది. పిల్లలు కూడా ఒకేసారి బయటపడతాయి కాబట్టి అక్కడా అదే లెక్క. అయితే తాబేళ్లు దేన్ని చూసి ముహూర్తం పెట్టుకుంటాయో ఇంకా పూర్తిగా తేలలేదు. గాలి దిశ మారడం, చంద్రుడి కళ, పోటు, నీటి వేడి అన్నిటినీ పరిశోధకులు గమనిస్తున్నారు. తీరానికి నాలుగైదు కిలోమీటర్ల లోపల వారాల తరబడి గుంపుగా ఆగి, ఒక రాత్రి కదులుతాయి. కొన్నేళ్లు అసలు కదలవు. ఒడ్డు కాపలా వాళ్లు సీజనంతా చూసి చూసి ఊరుకోవాల్సిన ఏళ్లూ ఉన్నాయి.

మూకుమ్మడి వ్యూహానికి ఒక లోపం ఉంది. ముందు రాత్రి వచ్చిన తాబేలు గూడును మర్నాటి రాత్రి వచ్చింది తవ్విపారేస్తుంది. జాగా చాలదు మరి. పగిలిన గుడ్లు ఇసుకలో కుళ్లి, బూజు, బాక్టీరియా పక్క గూళ్లకు పాకుతాయి. అందుకే అరిబాడా తీరాల్లో గుడ్లు పిల్లలయ్యే శాతం, ఒంటరిగా పెట్టిన గూళ్లతో పోలిస్తే, బాగా తక్కువ.

ఈ లోపాన్నే కోస్టారికాలోని ఓస్టియోనల్ అనే ఊరు బతుకుతెరువు చేసుకుంది. అరిబాడా మొదటి 36 గంటల్లో పెట్టిన గుడ్లు ఎలాగూ తర్వాత వచ్చే తాబేళ్ల పాలవుతాయి గనుక, వాటిలో కొన్నిటిని ఏరి అమ్ముకునే హక్కును 1987లో ఆ ఊరికి చట్టబద్ధంగా ఇచ్చారు. బదులుగా ఊరి వాళ్లు మిగతా గూళ్లకు కాపలా ఉండాలి, ఒడ్డున పేరుకున్న చెత్త ఎత్తాలి, పిల్లలు సముద్రానికి చేరేదాకా పక్షుల్ని తోలాలి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు ఇది. గుడ్లు ఏరినా నేరమే. ఓస్టియోనల్ పద్ధతి ఇక్కడ పనికొస్తుందని నేను అనను. ఇక్కడి చరిత్ర వేరు. కానీ ఊరికి పని అప్పజెప్పినప్పుడు ఊరికి వాటా కూడా ఉండాలన్న ఆ ఒప్పందంలోని న్యాయం మాత్రం ఎక్కడైనా న్యాయమే.

ఆ చరిత్ర ఏమిటో చెప్పాలి. గహీర్మఠ ఒడ్డున ఇంత పెద్ద సంఖ్యలో తాబేళ్లు వస్తాయని 1974లో శాస్త్రవేత్త హెచ్.ఆర్. బస్టర్డ్ లోకానికి చెప్పేనాటికి, ఆ గుడ్లు పడవలకెత్తి అమ్మడం మామూలు వ్యాపారం. గుడ్ల వేట మూతపడ్డాక తాబేళ్ల మీదే పడ్డారు. 1980 ప్రాంతంలో ఒడిశా, బెంగాల్ తీరాల్లో మరపడవల వాళ్లు వేల కొద్దీ తాబేళ్లను పట్టి, వెల్లకిలా పడేసి, కలకత్తా మార్కెట్లకు పంపేవారు. జె. విజయ అనే యువ పరిశోధకురాలు, మన దేశంలో సరీసృపాల అధ్యయనానికి దిగిన తొలి మహిళ, ఆ మార్కెట్లు తిరిగి ఫొటోలు తీసింది. అవి పత్రికలో అచ్చయ్యాక అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ కల్పించుకున్నారు, కోస్ట్ గార్డు గస్తీకి దిగింది. గహీర్మఠను సముద్ర అభయారణ్యంగా ప్రకటించింది మాత్రం 1997లో.

ఋషికుల్య అరిబాడాను శాస్త్రలోకానికి తెలిపింది 1994లో పరిశోధకుడు బివాష్ పాండవ్. ఊరి వాళ్లకు అంతకు ముందే తెలుసు. తెలిసినా అది వాళ్లకు ఒక వింతగా తోచలేదు, ఏటా జరిగేదే. ఆ ఒడ్డు అభయారణ్యం కాదు. పక్కన ఊళ్లు, వెనక జాతీయ రహదారి, ఒక కర్మాగారం. తుపాకీ పట్టిన గార్డులతో మూసేయగల చోటు కాదు. అందుకే అక్కడ పని పల్లెల చేతుల మీదుగా జరగక తప్పలేదు. పరిశోధకుల వెంట గూళ్లు లెక్కపెట్టడానికి వెళ్లిన కుర్రాళ్లే క్రమంగా సమితులు కట్టి కాపలాకు దిగారు. గుడ్లు ఏరుకొచ్చిన ఇళ్ల పిల్లలే గుడ్లు కాయడం మొదలుపెట్టారు. 2008 నుంచి అక్కడ ఏటా లెక్కలు కడుతున్న దక్షిణ్ ఫౌండేషన్, బెంగళూరు ఇండియన్ ఇనిస్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులకు కూడా చేతికింద కళ్లూ కాళ్లూ ఆ పల్లెలవే.

ఒడ్డెక్కిన తాబేలు ఏం చేస్తుందో కాస్త నిదానంగా చూడాలి. కాపలా పనంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పెద్ద తాబేలు బరువు 35 నుంచి 45 కిలోలు, పైచిప్ప పొడవు 60 నుంచి 70 సెంటీమీటర్లు. సముద్ర తాబేళ్లలో ఇది చిన్న జాతే. పోటు గీత దాటి పొడి ఇసుకలోకి వచ్చి, వెనక కాళ్లతో అడుగున్నర లోతు గొయ్యి తవ్వుతుంది. మూతి సన్నం, అడుగు భాగం వెడల్పు, అచ్చం కూజా ఆకారం. అందులో వంద నుంచి నూట ఇరవై గుడ్లు రాలుస్తుంది. ఆ సమయంలో దాని కళ్ల నుంచి నీరు కారుతుంది. ప్రసవ వేదన అనుకుంటారు చూసినవాళ్లు. నిజానికి అది ఒంట్లో చేరిన ఉప్పును బయటికి పంపే గ్రంథి పని, సముద్రంలో ఉన్నప్పుడూ కారుతూనే ఉంటుంది. గుడ్లు పెట్టాక ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ చిప్పతో దిమ్మిస కొట్టినట్టు ఇసుకను గట్టిచేస్తుంది. గంట లోపు పని ముగించి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గూటి మొహం చూడదు.

చేప చూపుతో, తాబేలు తలపుతో, పక్షి స్పర్శతో గుడ్లను పొదుగుతాయని మన పెద్దలు గురుదీక్షల గురించి చెబుతూ అంటుంటారు. తల్లి దగ్గర లేకుండానే తాబేలు గుడ్డు పిల్లవుతుందని గమనించినవాళ్లు కట్టిన మాట అది. గమనిక నిజమే. పొదిగేది మాత్రం ఎండ కాచిన ఇసుక. ఆ ఇసుక వేడి పిల్లను పొదగడంతో ఆగదు, ఆడో మగో కూడా తేలుస్తుంది. సముద్ర తాబేళ్లకు మనలా లింగాన్ని నిర్ణయించే క్రోమోజోములు లేవు. గుడ్డు పొదిగే కాలంలో మధ్య మూడో వంతులో ఇసుక వేడి 29, 30 డిగ్రీల దగ్గర ఉంటే ఆడా మగా కలగలుపుగా వస్తాయి. అంతకంటే వేడెక్కితే ఆడవి పెరుగుతాయి, చల్లబడితే మగవి. మరీ 35 డిగ్రీల దాకా పోతే పిండమే బతకదు.

దీంట్లో కాపలాదారుకు ఒక పాఠం ఉంది. జనవరిలో పెట్టిన గుడ్లు చల్లని ఇసుకలో, మార్చి చివర పెట్టినవి కాలిపోయే ఇసుకలో పెరుగుతాయి. కొన్నాళ్లు కాపలా కాసి, డబ్బు అయిపోయిందనో మనుషులు లేరనో కొన్నాళ్లు వదిలేస్తే, పోయేది కొన్ని గూళ్లు మాత్రమే కాదు. ఒక లింగం వాటాలోనే కోత పడొచ్చు. సీజను మొదలు నుంచి చివరిదాకా గూళ్లను కాయాలనడానికి కారణం ఇది. ఋషికుల్యలో పుట్టే పిల్లల్లో సగటున ఆడవే ఎక్కువని అక్కడి అధ్యయనాలు తేల్చాయి. ఎండలు ముదురుతున్న కొద్దీ ఇది ఇంకెటు ఒరుగుతుందో చూడాలి.

నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు గుడ్డు చీల్చుకుని, అన్నీ కలిసి ఇసుక తవ్వుకుంటూ పైకొస్తాయి. పైన ఇసుక వేడిగా ఉంటే ఆగి, చల్లబడ్డాక, ఎక్కువగా రాత్రిపూట బయటపడతాయి. బయటపడగానే చూసేది ఒక్కటే: ఎటువైపు కింది అంచున వెలుతురు ఎక్కువగా ఉంది? విద్యుత్తు లేని కాలంలో ఆ వెలుతురు సముద్రానిదే. చుక్కల కాంతి నీటి మీద పడి మెరుస్తుంది, వెనక ఇసుక దిబ్బలూ చెట్లూ నల్లగా ఉంటాయి. కోట్ల ఏళ్లు ఈ ఒక్క గుర్తు సరిపోయింది. ఇప్పుడు రహదారి దీపాలు, కర్మాగారం దీపాలు, రిసార్టుల దీపాలు సముద్రం కంటే ప్రకాశంగా ఉన్నాయి. పిల్లలు వాటివైపు పాకి, తెల్లారేసరికి ఎండలో ఎండి చనిపోతాయి, లేదా కాకుల పాలవుతాయి.

ఋషికుల్యలో పల్లెల వాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయంలో శాస్త్రం కంటే జాలరి తెలివి ఎక్కువ. గూళ్ల వెనక, నేల వైపు, ఒడ్డు పొడవునా వల కట్టారు. చేపలు పట్టే వలే. దీపాలవైపు దారి తప్పిన పిల్లలు వల దగ్గర ఆగిపోతాయి. రాత్రంతా వాటిని బకెట్లలోకి ఏరి, నీటికి కాస్త దూరంలో వదిలేస్తారు. అక్కడి నుంచి అవే పాక్కుంటూ వెళ్తాయి. చుట్టుపక్కల దీపాలు ఆర్పమని అటవీ శాఖ చెప్పడం, కొందరు ఆర్పడం, కొందరు ఆర్పకపోవడం ఏటా నడిచేదే. గహీర్మఠకు దగ్గరగా ఉన్న అబ్దుల్ కలాం దీవి నుంచి చేసే క్షిపణి పరీక్షలను తాబేళ్ల కోసం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ జనవరి నుంచి మార్చి దాకా ఆపుకుంటోంది. క్షిపణి ఆగగలిగినప్పుడు రిసార్టు ముందు వీధి దీపం ఎందుకు ఆగదో నాకు అర్థం కాదు.

ఇంతా చేసి, వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదై తిరిగొస్తే గొప్ప. పెద్దది కావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. తిరిగి వచ్చేది కూడా దాదాపు పుట్టిన తీరానికే. భూమి అయస్కాంత క్షేత్రం ఒక్కో తీరంలో ఒక్కో తీరుగా ఉంటుందని, పిల్లప్పుడే దాన్ని గుర్తు పెట్టుకుంటాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. లాగర్‌హెడ్ అనే మరో జాతి తాబేళ్ల మీద చేసిన ప్రయోగాలు ఈ ఆలోచనకు బలమిచ్చాయి. అయితే అన్నీ ఒక్కచోటికే కట్టుబడి ఉండవని కూడా ఈ మధ్యే తెలిసింది. 2021 మార్చిలో గహీర్మఠలో జంతు పరిశోధకులు 03233 నంబరు బిళ్ల తొడిగిన ఆడ తాబేలు ఒకటి, 2025 జనవరిలో మహారాష్ట్ర తీరంలోని గుహాగర్‌లో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి, దాదాపు 3,500 కిలోమీటర్లు. అంటే ఒక తాబేలును కాపాడటం ఒక ఊరికో ఒక రాష్ట్రానికో పరిమితమైన పని కాదు. ఆ తాబేలు ఆంధ్ర ముందున్న సముద్రాన్ని దాటకుండా గుహాగర్ చేరి ఉండదు.

మన తీరంలో అరిబాడా లేదు. ఒంటరి గూళ్లే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా, కళింగపట్నం ఇసుకల్లో, విశాఖ చుట్టుపక్కల, కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ మీద, కృష్ణా మొగ దగ్గర నాగాయలంక దీవుల్లో, సూర్యలంక వైపు డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్లు వస్తాయి. కూర్మావతారానికి గుడి కట్టిన శ్రీకూర్మం ఈ తీరానికి కూతవేటు దూరంలోనే ఉంది. ఉత్తరాంధ్ర జాలర్లలో తాబేలు వలలో పడితే దండం పెట్టి వదిలేసే ఇళ్లున్నాయి. గుడ్లు తినే ఇళ్లూ ఉండేవి. రెండూ నిజమే.

ఒంటరి గూడుకు కాపలా వేరే రకం. మైళ్ల దూరంలో ఒకటీ అరా ఉంటాయి, కుక్కలు ఒక్క రాత్రిలో తవ్వేస్తాయి. అందుకని గుడ్లను తీసుకొచ్చి, కంచె కట్టిన ఒక చోట, హేచరీలో, మళ్లీ పాతిపెడతారు. మద్రాసులో విద్యార్థులు 1988లో మొదలుపెట్టిన రాత్రి నడకలు దీనికి దేశంలో పేరు తెచ్చాయి. విశాఖలో జంతు సంరక్షణ సంస్థ వీఎస్‌పీసీఏ, 2002లో చెన్నైలో పుట్టి ఆంధ్ర తీరంలోనూ పనిచేస్తున్న ట్రీ ఫౌండేషన్ ఇదే పని జాలరి కుర్రాళ్లతో, అటవీ శాఖతో కలిసి చేస్తున్నాయి. తెల్లవారుజామున మూడింటికి లేచి, తాబేలు పాకిన జాడ పట్టుకుని గూడు ఎక్కడుందో సన్నని కర్రతో ఇసుకలో గుచ్చి కనిపెట్టడం ఒక విద్య. కర్ర దిగే తేడా చేతికి తెలియాలి. ఒక్క వాసి ఎక్కువ గుచ్చితే గుడ్డు పగులుతుంది.

ఈ పనిలో తొందరా, జాగ్రత్తా రెండూ కావాలి. గుడ్డు బయటికొచ్చిన కొన్ని గంటల్లోనే లోపలి పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డును తిరగేస్తే ఆ అతుకు తెగి పిండం చచ్చిపోతుంది. కాబట్టి గుడ్లను పెట్టిన రాత్రే మార్చాలి, ఏ వైపు పైకుందో ఆ వైపే పైకుంచి మోయాలి, పాత గొయ్యి లోతూ ఆకారమూ ఉన్న గొయ్యిలోనే పెట్టాలి. హేచరీ ఎండలో ఉంటే అన్నీ ఆడవే పుట్టొచ్చు. పైన నీడ ఎక్కువైతే తూకం మగవాటివైపు మొగ్గుతుంది. పిల్లల్ని తొట్టెలో పెట్టి ఉంచి, మంత్రిగారు వచ్చాక పొద్దున్నే ఫొటోల మధ్య వదిలే ఆచారం కూడా మంచిది కాదు. పుట్టిన పిల్ల పొట్టలో మిగిలిన సొన మొదటి ఒకటి రెండు రోజులు ఆపకుండా ఈదడానికి ఇచ్చిన ఇంధనం. తొట్టెలో గిలగిల్లాడుతూ దాన్ని ఖర్చు చేసేస్తే, సముద్రంలోకి వెళ్లేసరికి శక్తి ఉండదు. అసలు కాపలా పెట్టగలిగిన చోట గూడును కదపకుండా అక్కడే వల కప్పి కాయడమే మేలు. హేచరీ గతిలేక చేసే పని. ఈ మాట ఒప్పుకోవడానికి కొందరు నిర్వాహకులకు ఇష్టం ఉండదు, ఎందుకంటే హేచరీ కనిపిస్తుంది, కాపలా కనిపించదు.

మంచి ఉద్దేశంతోనే చేసిన మరో పని తాబేళ్లకు అడ్డు తగిలింది. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత గాలికి అడ్డుగా తీరం పొడవునా సరుగుడు తోటలు పెంచారు. సరుగుడు మన ఒడ్డుల చెట్టు కాదు. కొన్నిచోట్ల తోటను పోటు గీత దాకా తెచ్చేశారు. వేళ్లు నిండిన నేలలో తాబేలు గొయ్యి తవ్వలేదు. నీడ పడిన ఇసుక చల్లబడుతుంది. ఇసుక దిబ్బల మీద పాకే తీగలు దాని కింద నిలవవు. గాలి అడ్డు కావాలి, సరే. దాన్ని యాభై మీటర్లు వెనక్కి జరిపి వేయడానికి అడ్డేమిటి?

ఇక అసలు చావు ఒడ్డున కాదు, నీళ్లలో ఉంది. జనవరి వచ్చిందంటే ఒడ్డుకు కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్ల శవాలు కనిపిస్తాయి. 2025 జనవరిలో చెన్నై తీరంలో అవి వందల్లో వచ్చిపడ్డాయి. కాకినాడ వైపు కూడా వచ్చాయి, ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. చాలా శవాలకు పైకి గాయం ఉండదు. అవి మునిగి చనిపోయినవి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. నిదానంగా ఉన్నప్పుడు చాలాసేపు నీటి కింద ఉండగలదు. కానీ మరపడవ ఈడ్చే ట్రాల్ వలలో చిక్కి, తప్పించుకోవాలని కొట్టుకుంటే ఒంట్లో ఆక్సిజన్ చప్పున అయిపోతుంది. ఆ వలను గంటల తరబడి ఈడుస్తారు. రొయ్యలు దొరికే లోతు తక్కువ నీళ్లే తాబేళ్లు గుంపు కట్టే నీళ్లు కావడం దురదృష్టం.

దీనికి విరుగుడు చాలాకాలం కిందటే వచ్చింది. వల గొంతులో వాలుగా ఒక లోహపు చట్రం, పైన ఒక తలుపు. రొయ్యలూ చేపలూ చువ్వల సందులోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చువ్వలకు తగిలి తలుపులోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు దాన్ని తీర్చిదిద్దింది, వేటలో నష్టం స్వల్పమేనని పరీక్షించి చెప్పింది. బోట్ల యజమానులు నమ్మరు. వలలో పడ్డ పెద్ద చేప కూడా ఆ తలుపులోంచే పోతుందని వాళ్ల బాధ. తాబేళ్ల రక్షణ లేదన్న కారణంతో 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. ఈ దెబ్బ ఆంధ్రకు పెద్దగా తగల్లేదు, ఎందుకంటే మన దగ్గర నుంచి పోయేది ఎక్కువగా చెరువు రొయ్య. నొప్పి లేనిచోట మందు వేసుకునేవాడు ఉండడు కదా.

చట్టం పేరుకు బాగానే ఉంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరపడవలు వేటాడకూడదు, అది తెప్పలకూ చిన్న పడవలకూ కేటాయించిన నీరు. తాబేళ్లు గుంపు కట్టేది చాలావరకు ఆ గీత లోపలే. ఆ ఒక్క నిబంధనను జనవరి నుంచి మార్చి దాకా నిక్కచ్చిగా అమలు చేస్తే శవాలు చాలా తగ్గుతాయి, చిన్న జాలరి వేట కూడా బాగుపడుతుంది. తాబేలుకూ చిన్న పడవకూ శత్రువు ఒకడే అని అర్థమైన ఊళ్లలోనే కాపలా నిలబడింది. కాని మనం గట్టిగా అమలు చేసేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధాన్ని. అది చేపల సంతానం కోసం పెట్టింది, దాని విలువ దానిదే. ఆ కాలానికి జాలరి కుటుంబాలకిచ్చే సాయాన్ని ప్రభుత్వం 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచింది కూడా. అయితే ఆ నిషేధం మొదలయ్యేసరికి తాబేళ్ల సీజను దాదాపు ముగిసిపోతుంది.

ఒడిశాలో నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల ముందు వేట నిషేధం ఉంది. అది తాబేళ్ల కోసమే. దాని భారం మాత్రం అన్నిటికంటే ఎక్కువగా ఆ మొగల పక్కన చిన్న వలలతో బతికే వాళ్ల మీద పడుతోంది. మరపడవకు దూరం వెళ్లే ఇంజనుంది, తెప్పకు లేదు. ఏడు నెలల నిషేధానికి ఇచ్చే సాయం ఏడు నెలల కూలికి ఏ మూలకూ రాదు. కాపలా కాసేవాడి ఆకలి మీద నడిచే సంరక్షణ ఎక్కువ కాలం నడవదు. మహారాష్ట్రలో వేళాస్ అనే చిన్న ఊరు 2006 నుంచి తాబేళ్ల ఉత్సవం పెట్టి, పిల్లలు సముద్రంలోకి వెళ్లడం చూడటానికొచ్చేవాళ్లను తమ ఇళ్లలోనే దింపుకుని భోజనం పెట్టి కొంత సంపాదించుకుంటోంది. ఒక దారి అది. శ్రీకాకుళం తీరంలో అలాంటిది నడపగల ఊళ్లున్నాయి. కాకపోతే పర్యాటకం వెంట దీపాలూ వస్తాయి, అక్కడ జాగ్రత్త పడాలి.

నన్నడిగితే చేయాల్సినవి రెండే పెద్ద పనులు. ఒకటి, జనవరి నుంచి మార్చి దాకా 8 కిలోమీటర్ల గీతను కాయడం. ఆ గస్తీలో చిన్న పడవల జాలర్లను జీతమిచ్చి చేర్చుకోవాలి. ఎవరి పడవ ఎక్కడ వల దించిందో వాళ్లకంటే బాగా చెప్పగలిగేవాళ్లు లేరు. రెండు, ఒడ్డు కాపలా కుర్రాళ్లకు నెలవారీ కూలి కాకుండా సీజను మొత్తానికి, మొదటి గూడు నుంచి చివరి పిల్ల దాకా, డబ్బు ముందే కేటాయించడం. మిగతాదంతా వాళ్లకు తెలుసు.

జనవరి నుంచి మే లోపల మీరు ఏ బీచికైనా రాత్రి వెళ్తే కొన్ని మాటలు గుర్తుంచుకోండి. ఒడ్డెక్కుతున్న తాబేలు కనిపిస్తే టార్చి వేయకండి, ఫ్లాష్‌తో ఫొటో తీయకండి. బెదిరితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. దాని ముందుకు వెళ్లకుండా వెనక దూరంగా నిలబడండి. పిల్లలు కనిపిస్తే ఎత్తి నీళ్లలో పడేయకండి, కుక్కల్ని తోలి వాటిని పాకనివ్వండి. వలలో పడి స్పృహ తప్పిన పెద్ద తాబేలు దొరికితే చచ్చిందని విసిరేయొద్దు. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం కొద్దిగా ఎత్తు చేసి, తడి గుడ్డ కప్పి నీడలో ఉంచితే ఊపిరితిత్తుల్లోని నీరు కారి కొన్ని గంటలకు తేరుకోవచ్చు. ఆ పనిలో ఉండగానే దగ్గరి అటవీ శాఖ కార్యాలయానికి ఫోన్ చేయండి.